పాత జీపులో రాస్ స్టీరింగ్ బాక్స్: చానా ఏళ్ళు వాడినాక నా మాట

పాత జీపు గురించి ఇంజను, ఫోర్ వీల్, మైలేజీ అన్నీ ఎవరో ఒకరు చెప్పేసే ఉంటారు, వాటి జోలికి పోను. నాది మహీంద్రా సీజే 3బీ, పొదలకూరు దగ్గర మా నిమ్మతోటకీ నెల్లూరికీ మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతా ఉండాది. నేను చెప్పేది స్టీరింగ్ బాక్స్, అంటే మనం తిప్పేదాన్ని టైర్లకి అందించే పెట్టె, ఆ ఒక్కదాని గురించే, ఈ బండిని ఎంతమంది అడిగినా నేను అమ్మంది దానికోసమే.

అది రాస్ బాక్స్. అమెరికాలో ఇండియానా రాష్ట్రం లఫయెట్‌లో ఉండిన రాస్ కంపెనీ డిజైను, అమెరికా విల్లీస్ కంపెనీ జీపుల్లోంచి మన జీపుల్లోకి అట్నే వచ్చింది. లోపల పెద్ద సరంజామా ఏం లేదు. స్టీరింగ్ రాడ్డు చివర మెలికల గాడి ఉన్న కామ్, ఆ గాడిలో కూర్చునే రెండు మొనతేలిన పిన్నులు, ఆ పిన్నుల్ని పట్టుకున్న లివర్ షాఫ్టు, అంతే. బండి నేరుగా పోతుంటే రెండు పిన్నులూ గాడిలో ఉంటాయి, ఫుల్లుగా తిప్పితే ఒకటి బయటికొచ్చేసి రెండోదే పని చేస్తుంది. రేషియో, అంటే షాఫ్టు ఒక వంతు తిరగడానికి స్టీరింగ్ ఎన్ని వంతులు తిప్పాలో ఆ లెక్క, నడిమధ్యలో 12, రెండు చివర్లలో 14, అంటే ఎక్కువ తిప్పేకొద్దీ చేతికి తేలిక. తోటలో చెట్ల సందున మలుపు తిప్పుతుంటే ఆ తేలిక ఎంత బాగుంటుందో, టైరు కింద రాయి పడితే అది కూడా చేతికి తెలుస్తుంది, కొత్త బండ్లలో నాకు ఆ తెలియడం దొరకలేదు.

ఇప్పుడు అసలు కథ. కొన్నాళ్ళకి స్టీరింగ్‌లో ప్లే మొదలైంది, స్టీరింగ్ వీల్ ఇటూ అటూ కదిలిస్తే టైరు కదలదు. మెకానిక్కు సైడు కవరు మీద చెక్ నట్టు లూజు చేసి మధ్యలో స్క్రూ టైటు చేశాడు, ప్లే పోయింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ టైటు చేశాడు. ఆ స్క్రూ చేసేదల్లా పిన్నుల్ని గాడిలోకి ఇంకా లోపలికి నెట్టడమే. గాడి నడిమధ్యలోనే ఎక్కువ అరుగుతుంది, ఎందుకంటే బండి ఎక్కువసేపు పోయేది నేరుగానే గదా, అరిగినకాడికి సరిపోయేట్టు టైటు చేస్తే అరగని చివర్లలో పట్టేస్తుంది. రాపూరు ఘాట్‌లో దిగుతుంటే అదే జరిగింది. మలుపులో తిప్పిన వీల్ వెనక్కి రాలేదు. మామూలుగా చెయ్యి వదులు చేస్తే దానంతటదే నేరుగా వచ్చేస్తుంది, ఆరోజు రెండు చేతుల్తో బలమంతా పెట్టి లాగాల్సి వచ్చింది, పక్కన లోయ, వెనకాల లారీ హారన్. పక్కసీట్లో మా బావ, 'ఆపు బావా ఆపు' అని కేకలు. ఎట్నో ఓరగా ఆపాం.

దింపి విప్పిస్తే పిన్నుల మొనలు చదునైపోయి ఉన్నాయి, కామ్ గాడిలో నడిమి భాగం గుంటలు. లోపల గేర్ ఆయిలు లేదు, గ్రీజు కూరారు. ఆయిలు కారుతుందని ఎప్పుడో ఎవరో పెట్టిన గ్రీజది, పిన్నులు పక్కకి నెట్టేసినాక తిరిగి గాడిలోకి రాదు, ఇనుం మీద ఇనుం ఒట్టిగా రాసుకుంటుంది. ఇది నాకు నిజంగా కోపం తెప్పించిన విషయం.

అంతకన్నా కోపం సామాన్ల అంగడి మీద. 'జీపు బాక్సులన్నీ ఒకటేనన్నా' అని అంగడివాడు ఒక రిపేరు కిట్టు అంటగట్టాడు, ఇంటికొచ్చి చూస్తే షాఫ్టు చివర పిన్నులు లేవు, రోలర్ ఉంది! అది వర్మ్ (మరలాంటి గేరు) అండ్ రోలర్ బాక్సుది, పద్మినీ కార్లలో ఉండే రకం. అందుకే సామాన్లు కొనేముందు మీ బండిలో ఏముందో మీరే చూసుకోండి, పాత బండ్లకి ఎవరెవరో ఏవేవో మార్చి పెట్టుంటారు. ముందు బాక్సు మట్టి, గ్రీజు గీకి పోతపోసిన అక్షరాలు చూడండి, రాస్ అని ఉంటే సగం పని అయినట్టే. అంబాసిడర్‌కి అసలు బాక్సే ఉండదు, అడ్డంగా పొడుగు గొట్టం, రెండు చివర్లా రబ్బరు బూట్లు, అది ర్యాక్, పళ్ళున్న కడ్డీ రకం. జిప్సీలో ఉండేది బాల్ రకం, లోపల నట్టుకీ వర్మ్‌కీ మధ్య గోళీల్లాగా బాల్స్ తిరుగుతుంటాయి. బయటి నుంచి తేలకపోతే కవరు విప్పించి షాఫ్టు చివర చూడాల్సిందే: పిన్నులా, రోలరా, బాల్ రకంలో ఉండే పళ్ళా. అంగడివాడి మాట కన్నా అది నయం.

చివరికి పాత జీపులు విప్పే అంగట్లో మంచి కామూ లివర్ షాఫ్టూ రెండూ కలిపి దొరికాయి. రెండూ మార్చాలి, ఒకటే మారిస్తే అరిగిన పాతది కొత్తదాన్ని కూడా తినేస్తుంది. సెట్టింగు వేరే మేస్త్రి చేశాడు, ముందు డ్రాగ్ లింక్ (బాక్సు నుంచి ముందుకి పోయే కడ్డీ) ఊడదీసి, పై కవరు కింద షిమ్ములతో (పల్చటి రేకు బిళ్ళలు) కామ్ ముందూవెనకా ఆట తీసేసి, ఆ తర్వాతే సైడు స్క్రూ, అది కూడా వీల్ సరిగ్గా మధ్యలో పెట్టి, అక్కడ రవంత బరువు తగిలేదాకా మాత్రమే. ఆ వరస తప్పకూడదంట.

ఇంత చేసినా ప్లే పూర్తిగా పోలా! అప్పుడాయన నన్ను వీల్ ఊపమని తను కిందికి దూరాడు. వీల్ కదిలి డ్రాప్ ఆర్మ్ (లివర్ షాఫ్టుకి బయట తగిలించిన చెయ్యి) కదలకపోతే తప్పు బాక్సుది, డ్రాప్ ఆర్మ్ కదిలి టైరు కదలకపోతే లింకులది. మాది రెండోది. ముందు క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డపట్టీ) మీద ఉండే బెల్ క్రాంక్, అంటే ఆ డ్రాగ్ లింక్ కదలికని టైర్ల వైపు మళ్ళించే ముక్క, అరిగి ఊగుతా ఉంది, ఇన్నాళ్ళూ దాని ప్లే కూడా బాక్సు ఖాతాలో రాసి స్క్రూ తిప్పుతా వచ్చారు. బుష్షులు మార్చినాక బండి గీత గీసినట్టు పోతా ఉండాది, ఇంత మారుతుందని నేను అనుకోలా.

పైన తేలిక అన్నానే, అది 6.00-16 సన్న టైర్లతోనే. మా తమ్ముడు జీపుకి వెడల్పు టైర్లేస్తే నిలబెట్టి తిప్పడం నరకం, ఆ బరువంతా ఆ రెండు పిన్నుల మీదే పడుతుంది. నాకు తోట, ఊరు, ఎప్పుడన్నా పెంచలకోన, యాడా యాభై దాటను, ఆయిలు నేనే చూసుకుంటా, కాబట్టి నాకు రాస్ చాలు, మార్చను. మీరు రోజూ చెన్నై హైవే మీద తొక్కేవాళ్ళైతే, లేదా ఆయిలు చూసే ఓపిక లేకపోతే, బాల్ బాక్సుకి మార్చుకున్నా నేను తప్పు పట్టను, కాకపోతే ఆ బాక్సుని ఛాసిస్‌కి పట్టించే బ్రాకెట్ వెల్డింగు బాగా తెలిసిన మనిషి చేతనే చేయించండి.