సీజన్ గెలిపిస్తారు, సిరీస్‌లో కదలరు: బుడెన్‌హోల్జర్ మీద ఒక బక్స్ అభిమాని సమీక్ష

మైక్ బుడెన్‌హోల్జర్ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో మిల్వాకీ బక్స్ జట్టుకి కోచ్‌గా ఉన్న ఐదు సీజన్లూ, అంటే 2018 నుంచి 2023 దాకా, వదలకుండా చూశాను. ఆయన వెళ్లిపోయి చాలా రోజులైంది, అప్పటి కోపమూ కొంత చల్లారింది. అయినా ఒక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు. ఆయన సీజన్ గెలిపిస్తారు. సీజన్ తర్వాత ఒకే ప్రత్యర్థితో ఆడే ప్లేఆఫ్స్ సిరీస్ చేజారిపోతుంటే మాత్రం ఉన్నచోటి నుంచి కదలరు.

ముందు మంచి చెప్పాలి. అంతకుముందు ఏడాది 44 మ్యాచ్‌లు గెలిచిన జట్టు ఆయన వచ్చిన మొదటి సీజన్‌లోనే 60 గెలిచింది. మా స్టార్ ఆటగాడు యానిస్ ఆంటెటోకౌంపో చుట్టూ షూటర్లను నిలబెట్టి, రింగ్ వైపు దారి ఖాళీ చేశారు. 2019, 2020లో యానిస్ వరుసగా ఎంవీపీ (లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడంటే అందులో ఈ కోచ్ వాటా చిన్నది కాదు.

డిఫెన్స్‌లో ఆయన నమ్ముకున్నది డ్రాప్. ప్రత్యర్థి పిక్ అండ్ రోల్ ఆడితే, అంటే ఒకడు మన డిఫెండర్‌కి అడ్డు నిలిచి బంతి ఉన్నవాడికి దారి చేస్తే, సెంటర్ బ్రూక్ లోపెజ్ బయటకు రాకుండా రింగ్ దగ్గరే కాపు కాస్తాడు. లేఅప్‌లు (రింగ్ దగ్గరి నుంచి వేసే తేలిక షాట్లు) తగ్గుతాయి, బదులుగా ప్రత్యర్థికి త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వదిలేయాలి. 82 మ్యాచ్‌ల సీజన్‌లో ఈ లెక్క లాభమే. రోజుకో జట్టు వస్తుంది, దీన్ని చదివి సిద్ధమయ్యే టైమ్ ఎవరికీ ఉండదు. ప్లేఆఫ్స్‌లో అలా కాదు. ఎదురుగా అదే జట్టు ఏడు మ్యాచ్‌ల వరకు ఉంటుంది, మూడో మ్యాచ్‌కల్లా మన గుట్టంతా తెలిసిపోతుంది. అక్కడి నుంచి కోచ్ పని మొదలవ్వాలి. మాకు అక్కడే ఆగిపోయేది.

2019 ఈస్ట్ ఫైనల్స్‌లో (లీగ్ తూర్పు విభాగం ఫైనల్) టొరంటో మీద 2-0 ఆధిక్యం నుంచి వరుసగా నాలుగు ఓడాం. ఐదో మ్యాచ్‌లో ఫ్రెడ్ వాన్‌వ్లీట్ తొమ్మిది త్రీలు వేస్తే ఏడు పడ్డాయి. 2020లో మయామీతో ఇంకా ఘోరం. మూడో మ్యాచ్‌లో 12 పాయింట్ల ఆధిక్యంతో చివరి క్వార్టర్‌లోకి వెళ్లి, ఆ క్వార్టర్‌ని 40-13తో పోగొట్టుకున్నాం. ఆ మ్యాచ్‌లో యానిస్ ఆడింది 35 నిమిషాలు. సిరీస్ 2-0తో వెనకబడి ఉంటే ఎంవీపీని బెంచ్ మీద కూర్చోబెట్టి ఎవరి కోసం దాచిపెడుతున్నట్టు? ఆ ఏడాది బెస్ట్ డిఫెండర్ అవార్డు కూడా అతనిదే. అయినా మయామీ స్టార్ జిమ్మీ బట్లర్‌ని ఆపే ప్రధాన బాధ్యత అతనికి ఇవ్వలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

2021 టైటిల్ సంగతేంటని అడుగుతారు. నా వాదనకు బలం అక్కడే ఉంది. బ్రూక్లిన్ నెట్స్‌తో సిరీస్ రెండో మ్యాచ్‌లో 39 పాయింట్ల తేడాతో చిత్తయ్యాక, అదే సిరీస్ ఏడో మ్యాచ్‌లో యానిస్‌ని 50 నిమిషాలు ఆడించారు. నెట్స్ స్టార్ కెవిన్ డ్యురాంట్ మీదకు పీజే టక్కర్‌ని పంపారు. డిఫెన్స్‌లో స్విచింగ్ (డిఫెండర్లు తాము కాచే ఆటగాళ్లను మార్చుకోవడం) కూడా ముందటి ఏళ్లకంటే పెరిగింది. పట్టు సడలించిన ఏడాదే 1971 తర్వాత తొలి టైటిల్ వచ్చింది. ఆయనకు చేతకాదని కాదు, చేయగలరని చూశాం కాబట్టే ఇంత బాధ.

2022లో మా కీలక ఆటగాడు మిడిల్టన్ గాయంతో లేడు, బోస్టన్‌తో ఏడో మ్యాచ్‌లో మేం 33 త్రీలు వేస్తే 4 మాత్రమే పడ్డాయి. ఆ ఓటమిని పూర్తిగా ఆయన మీద వేయను. బోస్టన్ ఆటగాడు గ్రాంట్ విలియమ్స్‌ని ఖాళీగా వదిలేస్తే 18 త్రీలు వేసి ఏడు పడేశాడన్నది మాత్రం మళ్లీ పాత జబ్బే.

ఇక 2023. లీగ్‌లోనే ఎక్కువ విజయాలు, 58. మొదటి రౌండ్‌లో తూర్పు విభాగంలో ఎనిమిదో సీడ్ మయామీ చేతిలో 4-1తో ఓటమి. నాలుగో మ్యాచ్‌లో బట్లర్ 56 కొట్టాడు. తర్వాతి మ్యాచ్‌కైనా డబుల్ టీమ్‌తో (ఇద్దరు డిఫెండర్లను ఒకరి మీదే పెట్టి) బంతి అతని చేతిలో లేకుండా చేస్తారనుకున్నాను. భారమంతా దాదాపు మా జ్రూ హాలిడే ఒక్కడి మీదే వదిలేశారు, బట్లర్ మళ్లీ 42 కొట్టాడు. మూడు క్వార్టర్లు అయ్యేసరికి మాది 16 పాయింట్ల ఆధిక్యం. అదంతా కరిగిపోయి, 0.5 సెకన్లు ఉండగా బట్లర్ స్కోరు సమం చేశాడు. టైమ్‌అవుట్ చేతిలో ఉంది. తీసుకుంటే బంతిని అవతలి సగానికి తెచ్చి లోపలికి వేయొచ్చు. 0.3 సెకన్లు ఉంటే చాలు, పట్టుకుని షాట్ వేయడానికి రూల్ ఒప్పుకుంటుంది. తీసుకోలేదు. ఓవర్‌టైమ్ చివర్లో రెండు పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడూ తీసుకోలేదు. గ్రేసన్ ఆలెన్ లోపలికి దూసుకెళ్లాడు, షాట్ వేసేలోపే బజర్ మోగింది. 128-126. సీజన్ అయిపోయింది. మిగిలిన టైమ్‌అవుట్‌ని వచ్చే ఏడాదికి దాచుకోలేం కదా!

యానిస్ మొదటి మ్యాచ్‌లోనే నడుం గాయంతో దెబ్బతిన్నాడు, చివరి మ్యాచ్‌లో 23 ఫ్రీ త్రోల్లో 13 మిస్ చేశాడు. ఇవి కోచ్ తప్పులు కావు. ఆ సిరీస్ రోజుల్లోనే ఆయన సోదరుడు చనిపోయారని తర్వాత తెలిసి మనసు కలుక్కుమంది. అలాంటి సమయంలో బెంచ్ దగ్గర నిలబడటమే గొప్ప. నా ఫిర్యాదు ఆ ఒక్క రాత్రి గురించి కాదు, 2019 నుంచి చూస్తున్న అలవాటు గురించి.

బక్స్ ఆయన్ని తీసేశారు. 2024-25లో డ్యురాంట్, డెవిన్ బుకర్ ఉన్న ఫీనిక్స్‌కి వెళ్తే 36 గెలుపులు, 46 ఓటములు, ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఒక్క సీజన్‌తోనే అక్కడా ముగిసింది.

పద్ధతి లేని కుర్ర జట్టుకు ఆయన్ని నేను ఇప్పటికీ ధైర్యంగా సిఫారసు చేస్తాను, మొదటి రెండేళ్లలోనే విజయాలు పెరుగుతాయి. టైటిల్ కోసం ఆడే జట్టయితే వద్దంటాను. తీసుకోక తప్పదనుకుంటే, మ్యాచ్ మధ్యలో ఆయనకు ఎదురు చెప్పి టైమ్‌అవుట్ అడిగించగల సీనియర్ అసిస్టెంట్‌ని ముందే పక్కన పెట్టుకోవాలి.