ఊటీ వద్దు, కూనూరులో దిగండి: తిరుపతి నుంచి టీ చెట్ల దారిలో

ఊటీ అంటే మా తిరుపతోళ్ళకి బొటానికల్ గార్డెన్, బోటింగ్, చాక్లెట్లు, తిరుగు బస్సు. చెట్ల మీద ఆసక్తి ఉంటే మాత్రం ఊటీకి కాస్త ముందే కొండ మీద వచ్చే కూనూరులోనే దిగిపోండి. ఊటీలో బస్టాండు దగ్గర తీసుకున్న గదిలో హారన్ల గోలకి నిద్రే లేదు. కూనూరు హోమ్‌స్టే అద్దె దానికి సగం, పైగా ప్రశాంతం. వేడినీళ్ళు పొద్దున కాసేపే వస్తాయి. రసం అద్భుతం, కూరల్లో కారం మనకి చాలదు, ఊరగాయ సీసా పెట్టుకోండి. చిత్తూరు వైపు వాళ్ళకి అరవం కొత్త కాదు గనుక ఆటో బేరాలకి ఇబ్బంది లేదు.

కూనూరులోని 1874 నాటి సిమ్స్ పార్కులో మావాళ్ళంతా రుద్రాక్ష చెట్టు దగ్గరే ఆగిపోయారు. నేను కెమేలియా పూల మొక్కల కోసం వెతికాను. మనం తాగే టీ కూడా కెమేలియానే. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ మొక్కని తోటల్లో నడుం ఎత్తుకి కత్తిరిస్తుంటారు కాబట్టి పొదలా కనిపిస్తుంది. వదిలేస్తే చెట్టవుతుంది. ఆటో అతను ఒక తోట అంచున కత్తెర పడని చెట్టు చూపించాడు: మా తలలకంటే ఎత్తు, ఆకుల చాటున చిన్న తెల్లపూలు, మధ్యలో పసుపు కేసరాలు.

టీ కుటుంబంలోదే గోర్డోనియా అనే చెట్ల జాతి. పేరు 18వ శతాబ్దపు లండన్ నర్సరీ యజమాని జేమ్స్ గోర్డన్‌ది. అందులో ఒక రకం, గోర్డోనియా ఒబ్ట్యూసా మాత్రం పడమటి కనుమల సొంత చెట్టు. షోలా అడవి (ఈ కొండల లోయల్లో పెరిగే పొట్టి చెట్ల చిట్టడవి) అంచున దారి మీద దాని పువ్వు రాలి ఉంది. రేకులు విడిపోలేదు, అంచులు కాస్త ముడతలు, నడుమ పసుపు కేసరాల కుచ్చు. టీ పువ్వునే పెద్దది చేసినట్టుంది! మన హార్సిలీ హిల్స్ (1265 మీటర్లు) మనకి దగ్గరే, చల్లన, ఖర్చూ తక్కువే. కానీ అక్కడ యూకలిప్టస్ నీడే ఎక్కువ, ఇలాంటి షోలా దొరకదు.

సొంత కారైతే నీలగిరికి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) తీసుకోండి, 2024 మే నుంచి అడుగుతున్నారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు చెక్‌పోస్టులో లాగేసుకుంటారు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్ల బొమ్మ రైలుకి టికెట్ దొరకడం పెద్ద టెన్షన్. కూనూరు-ఊటీ ముక్క తేలిక, కానీ పళ్ళ చక్రంతో ఎక్కే అసలు ఘాట్ కూనూరుకి దిగువనే. టీ ఫ్యాక్టరీ టూరు మాత్రం దండగ, చూపించేది తక్కువ, కొనిపించేది ఎక్కువ. టీపొడిని మార్కెట్ వీధిలో మామూలు కొట్టులో కొన్నాం, చవగ్గా వచ్చింది.