గెర్ట్రూడ్ బెల్: జీవిత చరిత్రా, ఉత్తరాలా?

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇరాక్ దేశం ఏర్పాటులో పాలుపంచుకున్న బ్రిటిష్ యాత్రికురాలు, అధికారి గెర్ట్రూడ్ బెల్ గురించి ముందు ఏది చదవాలని చాలామంది అడుగుతున్నారు. ఇరాక్ సరిహద్దులు గీయడం, తొలి రాజుగా ఫైసల్‌కు కిరీటం... ఈ కథ తెలిసిందే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

జీవిత చరిత్రలో ఒక సుఖం ఉంది. ఆల్ప్స్ శిఖరాలు, 1909లో ఇరాక్ ఎడారిలోని ఉఖైదిర్ కోట కొలతలు, ఇరాక్ భవిష్యత్తుపై బ్రిటిష్ అధికారులు చర్చించిన 1921 కైరో సమావేశం, బాగ్దాద్ మ్యూజియం అన్నీ వరుసలో ఉంటాయి. ఏ షేక్ ఎవరి పక్షమో, ఏ అధికారికి ఎవరంటే గిట్టదో విడమరచి చెబుతారు. కానీ 1926 జులైలో ఆమె నిద్రమాత్రలతో చనిపోయిందని రాసేవారికి మొదటి పేజీ నుంచే తెలుసు. దాంతో ఆమె పడ్డ ప్రతి నిరాశా ఆ రాత్రికి వేసిన బాటలాగే కనిపిస్తుంది.

ఉత్తరాలకు ఈ బెడద లేదు. రేపు ఏమవుతుందో రాసే మనిషికే తెలియదు. నా మటుకు తేల్చేది ఇదే. 1921లో ఫైసల్ పట్టాభిషేకానికి కొన్ని వారాల ముందు, ఇక రాజులను తయారుచేసే పని జన్మలో పెట్టుకోనని, అది మనిషిని పిండేస్తుందని ఇంటికి రాసింది. ఆ డిసెంబరులోనే, అరేబియాలోని హాయిల్ పట్టణం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి సాయంతో ఇరాక్ దక్షిణ ఎడారి సరిహద్దు తేల్చానని, పొద్దుటిపూట చక్కగా గడిచిందని మరో ఉత్తరం. ఒక దేశపు ఎల్ల ఆమెకు ఆ పూట ఆఫీసు పని! సామ్రాజ్యం ఎలా నడిచిందో ఇంతకన్నా సూటిగా చెప్పే వ్యాఖ్యానం నేను చదవలేదు.

ఉత్తరాల్లోనూ రెండు దారులు. సవతి తల్లి ఫ్లోరెన్స్ 1927లో అచ్చు వేయించిన రెండు సంపుటాలు చదవడానికి హాయి, కానీ కుటుంబ గౌరవం వాటికి కత్తెర వేసింది. న్యూకాసిల్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ఉత్తరాలు, డైరీలే నాకు ఇష్టం. తల్లిదండ్రులకు అన్నీ చెప్పుకుందని కాదు. 1913-14 హాయిల్ ప్రయాణంలో ఆమె రెండు డైరీలు నడిపింది: ఒకటి రోజువారీ పొడి ముక్కలు, రెండోది తాను ప్రేమించిన వివాహితుడు డౌటీ వైలీ కోసం. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఆమె యాత్రా పుస్తకాలు శిథిలాల మీద మక్కువ ఉన్నవారికి. నికోల్ కిడ్మన్ ఆమెగా నటించిన సినిమా ఎడారి అందాలకు సరే.

1921 ఉత్తరాలతో మొదలుపెట్టండి. పేర్లు తికమక పెడితే అప్పుడు జీవిత చరిత్ర తెరవండి, అదీ వెనకనున్న పదసూచిక వైపు నుంచి.