చిగుళ్లకి లేజర్ అని వెళ్లి, నేను దొరికిపోయాను (రెండు చోట్ల అనుభవం)

పదకొండేళ్ల మా అమ్మాయి చిగుళ్లు ముందువైపు నేరేడుపళ్లు తిన్నట్టు ఉంటాయి. స్కూల్లో ఎవరో ఏదో అన్నారట, అప్పట్నుంచి ఫొటోల్లో నోరు మూసుకునే నవ్వుతోంది. సరేనని మా వీధి చివర కొత్తగా పెట్టిన డెంటల్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. చెప్పిన టైంకే పిలిచారు, క్లీనింగ్ నొప్పి లేకుండా చేశారు, అక్కడిదాకా వంక పెట్టడానికేం లేదు. ఆ తర్వాతే మొదలైంది. చిగుళ్లంటే గులాబీ రంగులోనే ఉండాలట, వయసు పెరిగేకొద్దీ ఈ నలుపు ముదిరిపోతుందట, ఇప్పుడే లేజర్ చేయిస్తే మేలట. పై చిగుళ్లకో రేటు, కింది చిగుళ్లకో రేటు, రెండూ కలిపితే తగ్గింపు, అచ్చం ఆషాఢం సేల్. ఇంతకీ ఇది జబ్బా కాదా అంటే మాత్రం సూటిగా జవాబు లేదు.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మ నవ్వి, "మన ఇంట్లో అందరివీ ఇంతే కదరా, నాకేమైంది ఇన్నేళ్లొచ్చినా?" అంది.

మర్నాడు డెంటల్ కాలేజీ ఆస్పత్రికి వెళ్లాం. ఓపీ చీటీకి, లైనుకి కలిపి రెండు గంటలు పోయాయి, కుర్చీలు కూడా చాలవు, కానీ డాక్టరమ్మ పిల్ల చేతికి అద్దమిచ్చి పెదవి ఎత్తి చూపించింది. కుడి ఎడమలు ఒకేలా ఉన్నాయి, బత్తాయి తొక్క మీద ఉండేలాంటి సన్నని గుంటలు చెక్కుచెదరలేదు, వాపు లేదు, రక్తం లేదు. ఇది చర్మానికి రంగిచ్చే మెలనినే, జబ్బు కాదు అంది. ఆ రంగు తయారుచేసే కణాలు తెల్లవాళ్ల చిగుళ్లలోనూ దాదాపు అన్నే ఉంటాయట, మనలో ఎక్కువ పనిచేస్తాయి, అంతే తేడా. పుట్టిన కొన్ని గంటలకే కొందరు పిల్లల్లో కనిపిస్తుంది, పెద్దయ్యేకొద్దీ కొందరికి కాస్త చిక్కబడుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. లేజర్ అందం కోసం చేయించుకోవచ్చు, కాకపోతే రంగు మళ్లీ తిరిగి రావచ్చు, పైగా పిల్లకి ఇప్పుడు తొందరేముంది అంది. కంగారుపడాల్సింది పెద్దయ్యాక ఉన్నట్టుండి నలుపు వస్తే, ఒక్కచోటే మచ్చ పడి పెరుగుతుంటే. మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్, కొన్ని మలేరియా మందులు, అడ్రినల్ గ్రంథులకి వచ్చే అడిసన్స్ జబ్బు, వీటివల్ల కూడా వస్తుందట.

ఇదంతా చెబుతూ నా కింది పెదవి వైపే చూస్తోంది. "మీరు సిగరెట్ తాగుతారా?" అంది. కింది ముందు పళ్ల దగ్గర చిగురు నల్లబడటం పొగతాగేవాళ్లలో ఎక్కువట, మానేస్తే నెమ్మదిగా, నెలలో ఏళ్లో పట్టి తగ్గుతుందట. ఇంట్లో పొగ తాగేవాళ్లుంటే పిల్లల చిగుళ్లలోనూ నలుపు ఎక్కువగా కనిపించిందని పరిశోధనలున్నాయట. నేను బాల్కనీలోనే తాగుతానండీ అన్నాను. "తలుపు తీసే ఉంటుంది కదా నాన్నా" అని మా అమ్మాయి అద్దంలోంచి చూస్తూనే అనేసింది.

క్లినిక్‌కి క్లీనింగ్ వరకు 4 స్టార్లు, మిగతాదానికి 1. ఆస్పత్రికి 5, లైను మరచిపోతే. క్లినిక్ వాళ్లు మాత్రం వారంలో మూడుసార్లు ఫోన్ చేశారు, ఆఫర్ ఆదివారం వరకేనట.