చీరలు బాగున్నాయి, ఫోన్ నంబర్ దగ్గరే పేచీ

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి ఈ షాపులో కాటన్ చీరలు నిజంగా బాగుంటాయి, రేటూ న్యాయమే. కానీ ఫోన్ నంబర్ చెప్పందే బిల్లు రాదంటారు. అమ్మ తన నంబర్ చెప్పింది, ఆ వారం నుంచే ప్లాట్లు, లోన్లు అంటూ ఒకటే కాల్స్, మధ్యాహ్నం కునుకు తీయనివ్వట్లేదు. నంబర్ కోసం పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లోనే షాపులకు చెప్పింది కదా! కాలిఫోర్నియా రాష్ట్రంలోనైతే నా వివరాలు అమ్మొద్దని పెద్ద కంపెనీలకు చెప్పే హక్కు 2018 చట్టంతోనే వచ్చింది, మన డేటా రక్షణ చట్టం 2023లో పాసైనా, సమ్మతి లేకుండా వివరాలు వాడొద్దనే అసలు సెక్షన్లు అమలయ్యేది 2027లో. అప్పటిదాకా వీళ్లిష్టమేనా? చీరలకు నాలుగు స్టార్లు, కౌంటర్‌కు ఒకటి. నంబర్ ఇవ్వనని గట్టిగా చెప్పండి, మేనేజర్ వచ్చి బిల్లు ఇస్తున్నాడు.