ప్లాస్టిక్ కొబ్బరిచెట్ల ఊళ్లో రెండు రాత్రులు

న్యూజెర్సీలోని ఎడిసన్‌లో గార్డెన్ స్టేట్ పార్క్‌వే అనే హైవే ఎక్కితే ఎగ్జిట్ నంబర్లు 131 నుంచి తగ్గుతూ పోతాయి. 4 దగ్గర దిగి సముద్రం వైపు తిరిగితే వైల్డ్‌వుడ్ అనే బీచ్ ఊరు. బీచ్‌కి టికెట్ లేదనీ, పిల్లలకి రైడ్లు ఉన్నాయనీ మనవాళ్లు చాలామంది వెళ్తుంటారు. మేమూ ఇన్నాళ్లూ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేసేవాళ్లం. ఈసారి అత్తయ్యగారు అమలాపురం నుంచి వచ్చారని రెండు రాత్రులు ఉన్నాం. చీకటి పడ్డాక చూడందే ఆ ఊరిని చూసినట్టు కాదని అప్పుడే తెలిసింది.

ఆ ఊరి సొత్తు 1950, 60ల్లో కట్టిన మోటళ్లు, అంటే కారులో వచ్చేవాళ్ల కోసం కట్టిన చిన్న హోటళ్లు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో పోరాడి సైనికులు తిరిగొచ్చారు, 1959లో హవాయి రాష్ట్రమైంది. అమెరికా అంతటా టికి బొమ్మలు (పసిఫిక్ దీవుల తరహా చెక్క విగ్రహాలు), వెదురు గోడలు, గడ్డికప్పు బార్ల మోజు నడిచిన కాలమది. హవాయికి విమానం ఎక్కే స్తోమత లేని కుటుంబాలు కారులో ఇక్కడికి వచ్చేవి. అందుకే ఇక్కడి మోటళ్లకి వైకీకీ, కోనా కాయ్ లాంటి పేర్లు, వాలు కప్పులు, రంగుల రెయిలింగులు, వాకిట్లో ప్లాస్టిక్ కొబ్బరిచెట్లు.

"ఈ చెట్లకి కాయల్లేవేంటమ్మా?" అని అడిగారు అత్తయ్యగారు, మొదలు తట్టి చూస్తూ. ఇక్కడి చలికి నిజం చెట్లు బతకవని చెప్పాను. "అయితే మంచి పనే చేశారు. సముద్రం ఒడ్డున కొబ్బరిచెట్టు లేకపోతే ఏం బాగుంటుంది?" అన్నారు.

మేం దిగింది బీచ్‌కి రెండు వీధుల అవతల ఒక పాత మోటల్. పేరు చెప్పను. గది చిన్నది, ఏసీ రాత్రంతా గుర్రుమంది, పక్కగదిలో మాటలు వినపడ్డాయి. లిఫ్ట్ లేదు. కింది గది కావాలని ముందే రాసినా పైగది ఇచ్చారు, అత్తయ్యగారి మోకాళ్లకి ఆ ఇనప మెట్లు శిక్షే అయ్యాయి. పెద్దవాళ్లతో వెళ్తే ఫోన్ చేసి మరీ ఖాయం చేసుకోండి. అయినా మళ్లీ అలాంటిదాన్లోనే దిగుతాను. గదిలో చిన్న వంటిల్లుంది, రైస్ కుక్కర్ పెట్టుకున్నాం. తలుపు తీస్తే ఎదురుగా ఈతకొలను, చుట్టూ కుర్చీలు, సాయంత్రానికి అన్ని గదులవాళ్లూ అక్కడే. పోయినేడు స్నేహితులు తీసుకున్న కొత్త కాండోలో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో) గదులు విశాలమే, కానీ పక్కింట్లో ఎవరున్నారో వారమైనా తెలియలేదట.

అలాంటి కాండోల కోసమే 2000 తర్వాత పాత మోటళ్లని వరసపెట్టి కూల్చారు. 2004లో శాటిలైట్ మోటల్ పోయింది. 2006లో పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ దేశంలో ముప్పులో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో ఈ మోటళ్లని చేర్చింది. ఈపాటికి ఒక్కటీ మిగలకపోయేదేమో, డూ వాప్ (1950ల నాటి పాటల పేరే, ఆ కాలపు ఈ కట్టడాల శైలికీ పెట్టారు) ప్రిజర్వేషన్ లీగ్ అని 1997లో స్థానికులు పెట్టుకున్న సంఘమే లేకపోతే. కూల్చబోతున్న సర్ఫ్‌సైడ్ అనే 1960ల నాటి రెస్టారెంట్‌ని ముక్కలుముక్కలుగా విప్పి, దాచి, కన్వెన్షన్ సెంటర్ ఎదురుగా మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడదే వాళ్ల మ్యూజియం. ప్రవేశానికి డబ్బు అడగరు, విరాళం డబ్బా ఉంటుంది. పెరట్లో, పోయిన మోటళ్ల నియాన్ బోర్డులు.

అక్కడ కూర్చున్న పెద్దాయన జీతానికి కాదు, ఇష్టంకొద్దీ వచ్చే మనిషి. నియాన్ ఒక్కటే అయితే ఎరుపు, ఆర్గాన్‌లో కాస్త పాదరసం కలిస్తే నీలం, ప్రతి అక్షరమూ గాజుగొట్టాన్ని మంట మీద చేత్తో వంచి చేసిందే అని ఓపిగ్గా చెప్పారు. ఉప్పుగాలికి లోహం తుప్పు పడుతుంది, గొట్టం పగిలితే వంచగలిగేవాళ్లు దొరకడం కష్టం. మా చిన్నాడు అరగంటసేపు కదల్లేదు. రైడ్ల కోసం వాడు అంత నిలకడగా నిలబడ్డం నేను చూళ్లేదు.

కరీబియన్ మోటల్ తప్పకుండా చూడండి. 1957లో లూ మోరే కట్టింది, 2005లో జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లోకి ఎక్కింది. నెలవంక ఆకారపు కొలను, గాల్లో తేలినట్టుండే ర్యాంపు, ప్లాస్టిక్ చెట్లు. రాత్రి తొమ్మిది దాటాక, నియాన్ దీపాలు వెలిగే వేళ వెళ్లి, వీధి అవతల నిలబడి చూడాలి.

బీచ్ పక్కన చెక్కలు పరిచిన నడకదారి, బోర్డ్‌వాక్ మీద పసుపు, నీలం ట్రామ్ కార్లు 1949 నుంచీ తిరుగుతున్నాయి, నడవలేనివాళ్లకి అవే దిక్కు. శాకాహారులకి పిజ్జా, వేపుడు బంగాళాదుంపలు తప్ప పెద్దగా లేవు. పులిహోర పట్టుకెళ్లండి. ఇసుక చాలా వెడల్పు, నీళ్లదాకా నడవాలంటే మధ్యాహ్నం కాళ్లు కాలతాయి. చలికాలంలో ఊరు చాలామటుకు మూసే ఉంటుంది. జూన్ చివర గానీ, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) ముందు వారం గానీ మేలు.

తిరిగొచ్చే పొద్దున అత్తయ్యగారు మళ్లీ మ్యూజియంకి వెళ్దామన్నారు. ఫోన్‌లో తమ తోట ఫొటోలు తీసి ఆ పెద్దాయనకి చూపించారు. నిజం కొబ్బరిచెట్లు కూడా తమ ఊరి ప్లాస్టిక్ చెట్లలా పక్కకి ఒరుగుతాయా అని ఆయన అడిగారు. నేను తెలుగులో చెప్పగానే అత్తయ్యగారు చెయ్యి ఏటవాలుగా పెట్టి చూపించారు: "సముద్రంవైపే ఒరుగుతాయి బాబూ, అచ్చం మీవాటిలాగే."