పశువుల బీడులో ఏ కలుపు మందు: టూ ఫోర్ డీనా, గ్లైఫోసేటా?

గుంటూరు చుట్టుపక్కల పశువులు మేసే బీళ్లను వయ్యారిభామ (పార్థీనియం) కలుపు ఆక్రమించేస్తోంది. అక్కడ గ్లైఫోసేట్ నాకు అసలు నచ్చదు. అది గడ్డినీ చంపేస్తుంది. నేల బోసిపోతే మళ్లీ మొలిచేది వయ్యారిభామే. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దీని వాడకాన్ని శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది.

టూ ఫోర్ డీ వెడల్పాకు మొక్కల్నే చంపి గడ్డిని వదిలేస్తుంది. తేమ నేలలో సూక్ష్మజీవులు దాన్ని త్వరగానే, చాలాసార్లు రెండు వారాల్లోపే సగానికి తగ్గిస్తాయి. కానీ మట్టిని గట్టిగా పట్టుకోదు, వానొస్తే కిందికి దిగుతుంది, కాలువలోకీ పోతుంది. గ్లైఫోసేట్ అలా కాదు, మట్టికి అంటుకుపోతుంది. విరిగి ఆంపా అనే పదార్థంగా మారి ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది, కొట్టుకుపోయే మట్టితోపాటే చెరువు చేరుతుంది.

బీడు పక్కనే పత్తి ఉంటే మాత్రం టూ ఫోర్ డీ జోలికి వెళ్లొద్దు. గాలికి కొద్దిగా తుంపర పడినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. మిరపకీ ముప్పే. అలాంటి చోట పూతకు ముందే, చేతి తొడుగులు వేసుకుని వేళ్లతో సహా పీకడమే మేలు.

ఏది కొట్టినా, మేపకూడదని లేబుల్‌పై రాసిన రోజులు దాటేదాకా పశువుల్ని వదలకండి. టూ ఫోర్ డీ తగిలి వాడిపోతున్న విషపు మొక్కల్ని కూడా అవి ఇష్టంగా తినేయొచ్చు.